పామీర్ దారిలో ముసాఫిర్
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో ఎవరో ఒక ఆలిమ్ సాహెబో, ప్రొఫెసర్ సాహెబో మాట్లాడతారు. ఈసారి రోడ్లు వేయించి రిటైరైన ఒక ఇంజనీరును నిలబెట్టారు. మన జమాఅత్ కుర్రాళ్లు నలుగురైదుగురు పామీర్ కొండల్లో కారు ప్రయాణం చేయాలని ఉత్సాహపడుతున్నారు. మీరు వెళ్లొచ్చారు కదా, ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పండి అని వాళ్లు అడిగారు. అదేదో అందరి ముందూ చెప్పండి అని సెక్రటరీ సాహెబ్ అన్నారు. కనుక ఈ మాటలు ముందు ఆ కుర్రాళ్లకు. చివర్లో దాతలతో ఒక మాట ఉంది. అది కూడా ఆ దారిలో నేర్చుకున్నదే.

ముందుగా ఆ దారి ఏమిటో చెబుతాను. కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ పట్టణం నుంచి తజికిస్తాన్‌లోని ఖోరోగ్ మీదుగా రాజధాని దుషాంబే దాకా సుమారు 1,250 కిలోమీటర్ల రోడ్డు. పేరు ఎం-41. లోకం పామీర్ హైవే అంటుంది. ఓష్ నుంచి ఖోరోగ్ దాకా ఉన్న సుమారు 730 కిలోమీటర్ల భాగాన్ని సోవియట్ ప్రభుత్వం 1930లలో వేసింది. హైవే అనగానే మన నాలుగు వరుసల రోడ్డును ఊహించుకోకండి. చాలా చోట్ల తారు చెదిరిపోయి కంకర మిగిలింది. కొన్నిచోట్ల కంకర కూడా లేదు. ఫార్సీలో పామీర్‌ను బామ్-ఎ-దున్యా అంటారు. అంటే ప్రపంచపు మిద్దె. ఆ మిద్దె మీద రోడ్డు అన్నిటికన్నా ఎత్తుకు చేరేది అక్‌బైతాల్ కనుమ దగ్గర. ఎత్తు 4,655 మీటర్లు. అక్కడ మనం పీల్చే ప్రతి శ్వాసలోనూ సముద్రమట్టంలో దొరికే ప్రాణవాయువులో 60 శాతం కూడా దొరకదు.

ఆ కొండలు మనకు మరీ పరాయివి కావు. మన ధాన్యకటకం చూసి వెళ్లిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో పామీర్ మీదుగానే స్వదేశం చేరాడు. బాబర్ పుట్టిన ఫర్గానా లోయలోనే ఓష్ ఉంది. ఆ ఊరి నడుమ ఉన్న సులేమాన్ కొండ మీద చిన్న హుజ్రా కట్టించుకున్నానని బాబర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇవాళ ఆ ఊళ్లో మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. మా మేనల్లుడు వాళ్లలో ఒకడు. మా ప్రయాణానికి మొదటి కారణం వాడే.

2019 ఆగస్టు చివర్లో బయలుదేరాం. నేను, మా బావమరిది, నా చిన్ననాటి మిత్రుడైన ఒక డాక్టరు, ఓష్‌లో కలిసిన మేనల్లుడు. పెద్దవాళ్లం ముగ్గురమూ 55 దాటినవాళ్లమే. మా బావమరిదికి టైర్ల దుకాణం. కాబట్టి బండి బాధ్యత ఆయనది. మందుల బాధ్యత డాక్టరుది. భాష మేనల్లుడిది. ప్లాన్ నాది.

బయలుదేరే ముందు మా మొహల్లా పెద్ద ఒకాయన నన్ను నిలదీశారు. "ఇంత డబ్బు కొండల మీద పోసే బదులు నాలుగు బీద కుటుంబాలకు ఇవ్వొచ్చు కదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మేము చేసింది ఇంతే. ఆ ఏటి జకాత్ ముందే చెల్లించాం. అప్పు చేయలేదు. ఇంట్లోవాళ్ల అవసరాలకు పక్కన పెట్టాకే టికెట్లు కొన్నాం. కుర్రాళ్లకు నేను చెప్పే మొదటి షరతు ఇదే. ఈ మూడూ అయ్యాకే మ్యాపు తెరవండి.

ఇక ప్లాన్ సంగతి. నేను మొదట వేసిన ప్లాన్ కాగితం మీద ఎంతో అందంగా ఉంది. ఓష్‌లో ఒక రాత్రి, సరీతాష్‌లో ఒక రాత్రి, కరాకుల్ సరస్సు ఒడ్డున ఒక రాత్రి, మరునాడు ముర్గాబ్. రోజుకు 200 కిలోమీటర్లు కూడా లేవు, హాయిగా వెళ్లిపోవచ్చు అనుకున్నాను. రోడ్లవాణ్ని కదా, కిలోమీటర్లే లెక్కేశాను. డాక్టరు ఆ కాగితం తీసుకుని ప్రతి ఊరి పక్కనా దాని ఎత్తు రాశాడు. ఓష్ సుమారు 1,000 మీటర్లు. సరీతాష్ 3,170. కరాకుల్ 3,900 పైన. "రెండు రోజుల్లో మూడు కిలోమీటర్లు నిటారుగా పైకి వెళ్తున్నావు. ఇది ప్రయాణమా, ప్రయోగమా?" అన్నాడు.

ఆయన చెప్పిన లెక్క గుర్తుపెట్టుకోండి. 2,500 మీటర్లు దాటాక ఎంత ఎత్తుకు ఎక్కామన్న దానికన్నా ఎంత ఎత్తులో నిద్రపోతున్నామన్నది ముఖ్యం. సుమారు 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందురాత్రి కన్నా 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎక్కడం ఆపి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలి. పగలు ఎత్తైన కనుమ దాటినా రాత్రికి దిగి పడుకోవాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన నీరసం కనిపిస్తే కొండ జబ్బు మొదలైందని అర్థం. అప్పుడు ఇంకో అడుగు కూడా పైకి వెళ్లకూడదు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్న చోటే ఆయాసం వచ్చినా ప్రాణం మీదకు వచ్చినట్లే. దానికి అసలు మందు ఒక్కటే, కిందికి దిగడం. ఎసిటజోలమైడ్ అనే మాత్ర శరీరం అలవాటు పడడానికి తోడ్పడుతుంది. అయితే సల్ఫా మందులు పడనివాళ్లు ఉంటారు, కనుక మీ డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. ఏ మాత్ర వేసుకున్నా దిగడం తప్పదు.

డాక్టరు దిద్దిన ప్లాన్ ఇలా తయారైంది. ఓష్‌లో రెండు రాత్రులు, దారిలో సుమారు 1,500 మీటర్ల ఎత్తున్న గుల్చాలో ఒకటి, సరీతాష్‌లో రెండు. తర్వాత కరాకుల్‌లో ఆగకుండా, పగటిపూట అక్‌బైతాల్ దాటి, 3,600 మీటర్ల ఎత్తులో ఉన్న ముర్గాబ్‌కు దిగి పడుకోవడం. అన్నిటికీ మించి, ఎక్కడా కేటాయించని రెండు రోజులు చేతిలో ఉంచుకోవడం. 2015 జులైలో ఖోరోగ్ దగ్గర బర్సెమ్ అనే ఊరి మీద బురద వరద పడి, నది ఆగిపోయి, ఈ హైవే మునిగిపోయింది. ఆ కొండల్లో రోడ్డు ఎప్పుడు తెరిచి ఉంటుందో కొండే నిర్ణయిస్తుంది. ఖాళీ రోజులు లేని ప్లాన్ అక్కడ ప్లానే కాదు.

ఇంకో నిజం ఒప్పుకోవాలి. శరీరానికి మేలైన దిశ మేము ఎంచుకున్నది కాదు. దుషాంబే నుంచి బయలుదేరితే కలైఖుమ్, ఖోరోగ్‌ల మీదుగా మెల్లమెల్లగా ఎత్తు పెరుగుతుంది. ఖోరోగ్ 2,100 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ రెండు రోజులు ఆగి పైకి వెళ్లడం మేలు. మేనల్లుడు ఓష్‌లో ఉన్నాడని, టికెట్లు అటు కుదిరాయని మేము ఓష్ నుంచి ఎక్కాం. కుర్రాళ్లారా, మీరు దుషాంబే వైపు నుంచి ఎక్కండి.

మిగతా ఏర్పాట్లు క్లుప్తంగా చెబుతాను. కాలం జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా. అప్పుడు కూడా రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి. తజికిస్తాన్ వీసాతో పాటు గోర్నో-బదఖ్షాన్ ప్రాంతానికి విడిగా పర్మిట్ కావాలి. అది లేకపోతే చెక్‌పోస్టులోనే వెనక్కి పంపుతారు. నగదు దగ్గర ఉంచుకోండి, ముర్గాబ్ వైపు కార్డును నమ్ముకోవద్దు. ఫోన్ సిగ్నల్ ఉండదు, కనుక మ్యాపును ముందే దించుకోండి. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి, రెండు స్పేర్ టైర్లు, ఇంధనానికి అదనపు డబ్బా తప్పనిసరి. ఆ దారి ఎరిగిన డ్రైవర్ ఉంటే అంతకన్నా భీమా లేదు. అసలు భీమా కూడా తీసుకోండి. అందులో ఎత్తైన ప్రదేశాలు, అక్కడి నుంచి తరలింపు ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండి. నమాజ్ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ముసాఫిర్‌కు ఖసర్ ఉంది. ఖిబ్లా మనకు పడమర, అక్కడ పడమర నుంచి నైరుతికి ఒరిగి ఉంటుంది. చిన్న దిక్సూచి జేబులో ఉంచుకోండి.

ఇంకొకటి, ఇది ఏ జాబితాలోనూ కనిపించదు. ముర్గాబ్ చుట్టుపక్కల చెట్టు అనేది లేదు. సోవియట్ కాలంలో బొగ్గు వచ్చేది. అది ఆగిపోయాక జనం తెరెస్కెన్ అనే పొట్టి పొదను వేళ్లతో సహా పీకి, పేడతో కలిపి కాలుస్తున్నారు. ఆ పొద మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. పశువుల మేత కూడా అదే. మనం అలవాటుగా "ఒక బకెట్ వేడినీళ్లు" అంటాం. అక్కడ ఆ బకెట్ వెనుక ఒక మోపు తెరెస్కెన్ ఉంటుంది. అడిగితే వాళ్లు కాదనరు. అందుకే అడగకూడదు.

బయలుదేరే ముందు ఒక నియమం రాసుకుని నలుగురం సంతకాలు పెట్టాం. ఎవరికి తలనొప్పి వచ్చినా వెంటనే చెప్పాలి, డాక్టరు దిగమంటే అందరం దిగాలి, వాదన లేదు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలన్న బోధ మనందరికీ తెలిసిందే. నా లెక్క ప్రకారం ఒంటెను గట్టిగానే కట్టాను.

సరీతాష్‌లో ఒక కిర్గిజ్ ముసలావిడ ఇంట్లో దిగాం. ఇల్లు అంటే రెండు గదులు. గోడకు రంగురంగుల షిర్దాక్ కంబళ్లు. కిటికీలోంచి 7,134 మీటర్ల లెనిన్ శిఖరం ఉన్న మంచుకొండల వరుస. ఆ శిఖరానికి తజికిస్తాన్ ఇప్పుడు ఇబ్నెసీనా పేరు పెట్టుకుంది. ప్రపంచానికి వైద్యం నేర్పిన వాడి పేరున్న కొండ ఎదుట మా బావమరిది తన జబ్బు దాచిపెట్టాడు.

మొదటి రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున డాక్టరు ఒక్కొక్కరినీ అడిగాడు. బావమరిది "ఠీక్ హై" అన్నాడు. మధ్యాహ్నం అడిగితే "ఠీక్ హై". టైర్లలో గాలి చూశాడు, జాకీ తుడిచాడు, నవ్వుతూ తిరిగాడు. సాయంత్రం ఆ ముసలావిడ మా డ్రైవర్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. డ్రైవర్ రష్యన్‌లో మేనల్లుడికి చెప్పాడు. వాడు పరుగున వచ్చాడు. "మామూ, ఈయన పొద్దున్నుంచి రొట్టె ముట్టలేదట. జేబులో పెట్టుకుని తెచ్చి దస్తర్‌ఖాన్ మీదే పెట్టేస్తున్నాడట. రాత్రి మూడుసార్లు బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాడట."

డాక్టరు ఆయనను లేపి, ఒక పాదం మడమకు రెండో పాదం వేలు ఆనేలా గీత మీద పది అడుగులు వేయమన్నాడు. మన ఊళ్లో పిల్లలు ఆడుకునే ఆట అది. నాలుగో అడుగుకే ఆయన తూలి గోడ పట్టుకున్నాడు. మరో పావుగంటలో బండి కదిలింది.

ఇక్కడ నా ప్లాన్‌లోని లోపం బయటపడింది. సరీతాష్ నుంచి ఓష్ వైపు దిగాలంటే ముందు 3,615 మీటర్ల తల్దిక్ కనుమ ఎక్కాలి. దిగడానికి ముందు సుమారు 450 మీటర్లు పైకి! మ్యాపులో ఆ కనుమను నేను వందసార్లు చూశాను. అయితే అన్నిసార్లూ వెళ్లే దారిలోనే చూశాను. జబ్బు మనిషిని తీసుకుని తిరిగొచ్చే దారిలో అది ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. డాక్టరు తెచ్చుకున్న మందు ఇచ్చాడు. ఆ చీకట్లో, ఆ వంపుల్లో, కనుమ దాటే దాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు. నేను దువా చేస్తూనే ఉన్నాను. మా చెల్లెలికి, అంటే నా ఇల్లాలి తమ్ముడి భార్యకు, ఏమని ఫోన్ చేయాలో మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

గుల్చా చేరేసరికి అర్ధరాత్రి కావొచ్చింది. తెల్లవారుజామున ఆయనే లేచి "చాయ్ ఉందా?" అని అడిగాడు. అల్హమ్దులిల్లాహ్. నా జీవితంలో విన్న మంచి మాటల్లో అదొకటి.

తేరుకున్నాక అడిగాను, ఎందుకు దాచావని. ఆయన తలవంచుకుని అన్నాడు. "దుల్హేభాయ్, అందరూ డబ్బు పెట్టారు. ఏడాది నుంచి ఎదురుచూశారు. నా ఒక్కడి వల్ల ఆగిపోయిందంటే నాకు మొహం చెల్లదు. ఒక్క రాత్రి ఓర్చుకుంటే సర్దుకుంటుందనుకున్నాను."

కాగితం మీద నియమం రాశాను, సంతకాలు పెట్టించాను. చెప్పాలి అని రాశానే గానీ, చెప్పినవాడు సిగ్గుపడకుండా ఉండేందుకు ఏమీ చేయలేదు. పైగా దారి పొడుగునా "మా టైర్ల ఉస్తాద్ ఉండగా భయమేంటి" అని ఆయనను పొగుడుతూనే ఉన్నాను. పొగిడేకొద్దీ ఆయన నోరు మూసుకున్నాడు. మరునాడు మేము కిజిలార్త్ కనుమ దగ్గర సరిహద్దు దాటి ఉంటే ఏమయ్యేది? వెనక్కి రావడానికి మా దగ్గర రెండోసారి ప్రవేశించే వీసా లేదు. ముందుకు వెళ్తే 4,655 మీటర్ల కనుమ. మధ్యలో సాయం అడగడానికి కరాకుల్ అనే చిన్న ఊరు, అది కూడా ఆయన జబ్బుపడిన చోటు కన్నా ఎత్తులో. ఆ ముసలావిడ కనిపెట్టి చెప్పకపోతే ఇవాళ ఈ ప్రసంగం వేరుగా ఉండేది.

ఆవిడ మా భాష ఎరగదు, మేము ఆవిడ భాష ఎరగం. ఆవిడ చూసిందల్లా ముట్టని రొట్టె. అంతే.

మేము హడావిడిగా దిగుతుంటే ఆవిడ మాకు డబ్బు తిరిగి ఇవ్వబోయింది. మేము పడుకోని రెండో రాత్రి తాలూకు డబ్బు అది. మేము తీసుకోలేదు. ఆవిడ ఒక గుడ్డలో నాలుగు రొట్టెలు కట్టి జబ్బు మనిషి ఒళ్లో పెట్టింది.

ఆయన ఈసారికి మళ్లీ ఎక్కకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. మేనల్లుడు ఆయనను ఓష్ తీసుకుపోయాడు. మేము కూడా మానేస్తామంటే బావమరిది ఒప్పుకోలేదు. ఒక కాగితం మీద టైరు ఎలా మార్చాలో తెలుగులో, నంబర్లు వేసి రాసిచ్చాడు. ఆ రెండు ఖాళీ రోజులు ఇక్కడ పనికొచ్చాయి. మళ్లీ నిదానంగా ఎక్కాం.

కరాకుల్ సరస్సు ఉల్క పడిన గుంతలో ఏర్పడినదంటారు శాస్త్రజ్ఞులు. నీలం చూసి చూసి కళ్లు నొప్పి పుట్టాయి. అక్‌బైతాల్ అంటే కిర్గిజ్ భాషలో తెల్ల ఆడగుర్రం. కనుమ పైన పది నిమిషాలు మాత్రమే ఆగాం. దిగుతుంటే టైరు పేలింది. ఆ కాగితం తీశాను. డ్రైవరూ నేనూ జాకీ తిప్పాం. పదిసార్లు తిప్పితే కూర్చోవాలి, మళ్లీ పదిసార్లు. మన ఊళ్లో పది నిమిషాల పనికి గంట పట్టింది. దూరంగా ఒక యుర్త్ గుడారం నుంచి ఒక కుర్రాడు కెటిల్ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చాయ్, ఎండబెట్టిన పెరుగు ఉండలు. వాటిని కురుత్ అంటారు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి గుండె మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఓష్‌లో డ్రైవర్ చెబితే కొన్న టీ పొడి, చక్కెర, అగ్గిపెట్టెలు బండిలో ఉన్నాయి. వాటిని మాత్రం తీసుకున్నాడు. అక్కడ ప్రతి వస్తువూ ఆ రోడ్డు మీదే రావాలి. కుర్రాళ్లారా, డబ్బుతో తీరని రుణాలకు బండిలో కొంత చోటు ఉంచుకోండి.

ఖోరోగ్ వైపు దిగితే పామీరీలు కనిపిస్తారు. ఎక్కువమంది ఇస్మాయిలీలు. వాళ్ల ఇంటికి అయిదు స్తంభాలు ఉంటాయి. అవి దైవప్రవక్త ముహమ్మద్ (స), హజ్రత్ అలీ, హజ్రత్ ఫాతిమా, హజ్రత్ హసన్, హజ్రత్ హుసైన్‌ల పేరిట నిలిచినవని చెబుతారు. మేనల్లుడు లేని లోటు అక్కడ అంతగా తెలియలేదు. వాళ్లకు రాజధాని భాష తజిక్ వచ్చు, తజిక్ అంటే ఫార్సీయే. మెహమాన్, దస్తర్‌ఖాన్, నాన్, చాయ్, దుకాణం, దర్వాజా. ఇంట్లో మనం మాట్లాడే మాటలే అక్కడ అన్నం పెట్టాయి.

ఆ ప్రాంతం దేశ భూభాగంలో 45 శాతం దాకా ఉంటుంది, జనాభాలో మాత్రం 3 శాతం లోపే. సోవియట్ యూనియన్ కూలాక బయటి నుంచి వచ్చే తిండి ఆగిపోయింది. 1992లో అంతర్యుద్ధం మొదలై 1997 దాకా సాగింది. ఆకలి చావులు తప్పవనుకున్న సమయంలో, 1993లో ఆగాఖాన్ ఫౌండేషన్ ఓష్ నుంచి ఇదే రోడ్డు మీద లారీలతో పిండి పంపింది. దాతలు గమనించాల్సింది ఆ తర్వాతి సంగతి. వాళ్లు పిండితో ఆగలేదు. విత్తనాలు ఇచ్చారు, రైతులు సొంతంగా సాగు చేసుకునేందుకు తోడ్పడ్డారు, తర్వాత కరెంటు పనులు చేపట్టారు. 2002లో ఖోరోగ్ దగ్గర పంజ్ నది మీద ఆఫ్ఘనిస్తాన్ వైపుకు వంతెన కట్టారు. ఇవాళ పిండి ఇచ్చాం, రేపు ఏం ఇవ్వాలి అని అడుగుతూ పోయినవాళ్ల పని అలా ఉంటుంది.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. మేము వెళ్లొచ్చాక కోవిడ్ వచ్చింది. 2021లో, 2022లో ఆ రెండు దేశాల సరిహద్దులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2025 మార్చిలో సరిహద్దు ఒప్పందం మీద రెండు దేశాల అధ్యక్షులూ సంతకాలు చేశారు. మంచి వార్తే. అయినా మీరు వెళ్లే నెలలో ఏ కనుమ తెరిచి ఉంది, ఏ వీసాతో దాటనిస్తారు అన్నది టికెట్ కొనే ముందు ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి అధికారికంగా కనుక్కోండి. నా పాత ప్లాన్‌ను నకలు చేయకండి.

ఇప్పుడు దాతలతో నా మాట.

తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల ప్రస్తావన ఉంది. ఎనిమిదోది ఇబ్నుస్సబీల్, దారినపోయే ముసాఫిర్. ఇంటి దగ్గర ఉన్నవాడైనా, దారిలో చేతిలో ఏమీ లేక చిక్కుకుపోతే అతనికీ హక్కుందని ఫుఖహా వివరించారు. చిన్నప్పుడు ఇది నాకు అర్థమయ్యేది కాదు, ఇల్లూ వాకిలీ ఉన్నవాడికి జకాత్ ఏమిటి అనుకునేవాణ్ని. తల్దిక్ కనుమ మీద అర్థమైంది. మా బావమరిదికి దుకాణం ఉంది, బ్యాంకులో డబ్బు ఉంది. ఆ రాత్రి వాటిలో ఏదీ పనికిరాలేదు. ఒక ముసలావిడ చూపూ, నాలుగు రొట్టెలూ, దిగే దారీ పనికొచ్చాయి.

మన సొసైటీ నివేదిక ఇందాక చదివారు. స్కాలర్‌షిప్పులు, వితంతువుల పింఛన్లు, రంజాన్ రేషన్ కిట్లు, వైద్య సహాయం. అల్లాహ్ స్వీకరించుగాక. కానీ ముసాఫిర్ పేరిట ఒక ఖానా కనబడలేదు. ముసాఫిర్ కోసం పామీర్ దాకా వెళ్లనక్కర్లేదు. మన పెద్దాసుపత్రి వరండాలో రాత్రి పది తర్వాత వెళ్లి చూడండి. మారుమూల పల్లెల నుంచి రోగిని తెచ్చినవాళ్లు చాప పరుచుకుని ఉంటారు. సొంత ఊళ్లో వాళ్లు గౌరవంగా బతికేవాళ్లే. మూడు రోజులనుకుని వచ్చి పదిహేను రోజులు చిక్కుకుపోతారు. చేతి ఖర్చు అయిపోతుంది. అడగరు. "ఏం కావాలి?" అంటే "ఏం లేదు, బాగానే ఉన్నాం" అంటారు. అది మా బావమరిది చెప్పిన "ఠీక్ హై"యే.

నా కోరిక చిన్నది. ఆసుపత్రి దగ్గర అద్దెకు రెండు గదులు, పది పరుపులు, పొద్దున చాయ్, రొట్టె. ఎవరు ఏ మతం అని అడగవద్దు. దీనికి జకాత్ పద్దును ముట్టుకోకుండా సదఖా నుంచే ఇద్దాం. అప్లికేషన్ ఫారం వద్దు. ఫొటో వద్దు. మన దగ్గర సాయం తీసుకున్నవాళ్లను వేదిక మీద నిలబెట్టి ఫొటో తీసే అలవాటు ఉంది. మీ మంచి మనసును తప్పుపట్టడం లేదు, లెక్క చూపించాలి కదా అనేది కూడా తెలుసు. కానీ ఆ ఫొటోకు భయపడి ఎంతమంది "ఠీక్ హై" అని వెళ్లిపోతున్నారో మన లెక్కల పుస్తకంలో ఎక్కడా రాదు. లెక్క ఆడిటర్‌కు చూపిద్దాం. ముఖం ఎవరికీ చూపించవద్దు. రాత్రిపూట ఒక మనిషి వరండాలో తిరిగి, ఎవరి టిఫిన్ డబ్బా ఖాళీగా ఉందో చూసి, పక్కన కూర్చుని మాట్లాడితే చాలు. పరుపుల ఖర్చులో నా వాటా ఈ రోజే కోశాధికారికి ఇచ్చి వెళ్తాను.

కుర్రాళ్లారా, మీరు తప్పకుండా వెళ్లండి. బయలుదేరే ముందు నలుగురూ కూర్చుని, ముందుగా ఎవరికి తలనొప్పి వస్తే వాళ్లకు తిరిగొచ్చాక మిగతావాళ్లు బిర్యానీ పెట్టాలని ఒప్పందం చేసుకోండి. నవ్వులాటగా అనిపిస్తుంది. కానీ జబ్బు సంగతి చెప్పినవాడు ఓడిపోయినట్లు కాకూడదు. నేను సంతకాలు పెట్టించిన ఆ కాగితం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

మా బావమరిది ఇక్కడే మూడో వరుసలో కూర్చున్నాడు. అక్‌బైతాల్ చూడలేకపోయాడు. కానీ ఈ విషయం చెప్పడానికి అనుమతి అడిగితే, "చెప్పు దుల్హేభాయ్, నా సిగ్గు పోయి ఇంకొకడి ప్రాణం నిలిస్తే మంచిదే" అన్నాడు.

దారిలో ఉన్న ప్రతి ముసాఫిర్‌నూ అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక. అడగనివాళ్ల అవసరాన్ని చూడగలిగే కళ్లు మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.